ఆ పది నిమిషాల్లో అధికారికి తెలిసిందేమిటి? అక్రమ ప్రవేశం, అరెస్టు, ప్రాబబుల్ కాజ్

(టెక్సస్‌లోని డాలస్ ప్రాంతంలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలతో పాటు ఇంతమంది విద్యార్థులు కూడా వచ్చినందుకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పబోయే విషయం విద్యార్థులకూ, ఊరి నుంచి పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకూ అందరికంటే ఎక్కువగా అవసరం. నేను మాట్లాడేది ఒకే ఒక్క ప్రశ్న గురించి. ఇంటి విషయంలోనో, స్థలం విషయంలోనో తగాదా వచ్చి, ఎవరో పోలీసులను పిలిచి, మనవాళ్లను అరెస్టు చేసి తీసుకెళ్లి, కొన్ని నెలల తర్వాత ఆ కేసు కొట్టేస్తే, "నన్ను అన్యాయంగా అరెస్టు చేశారు" అని మనం దావా వేయవచ్చా? వేస్తే అది నిలుస్తుందా?

నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం సంగతితో మొదలుపెడతాను. పేర్లు చెప్పను, ఊరు కూడా చెప్పను. విషయం చెప్పుకోవడానికి మాత్రం వారి అనుమతి తీసుకున్నాను. కృష్ణా జిల్లా నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక తండ్రి, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. రోజూ తెల్లవారుజామునే లేచి నడకకు వెళ్లేవారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. రెండు వీధుల అవతల ఒక ఇంటి పక్కన ఎర్రటి మందార చెట్టు ఉంది, దానికి కంచె లేదు. ఆయన నాలుగు పువ్వులు కోసుకుని ఇంటికి తెచ్చి పూజలో పెట్టుకునేవారు. మన ఊళ్లలో ఇది తప్పా? ప్రహరీ మీదుగా బయటికి వంగిన కొమ్మ నుంచి పూజకు నాలుగు పువ్వులు కోసుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా? మహా అయితే "చెట్టుకు కూడా రెండు ఉంచండి మాస్టారూ" అంటారు.

ఒక రోజు ఆ ఇంటి తలుపు దగ్గరున్న కెమెరా స్పీకరు నుంచి ఒక స్త్రీ గొంతు వినిపించింది. ఇది మా స్థలం, మళ్లీ ఇక్కడికి రావద్దు అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. ఈయన తల ఎత్తి, గొంతు వచ్చిన వైపు చూసి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, తల ఊపి వెళ్లిపోయారు. ఆమె ఏమన్నదని ఆయన అనుకున్నారో తెలుసా? "తీసుకోండి, పరవాలేదు" అన్నదనుకున్నారు. వారం తర్వాత మళ్లీ వెళ్లారు. ఈసారి పోలీసులు వచ్చారు. అధికారి ఆ వీడియో చూశాడు. వీడియోలో మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి, మనిషి తల ఊపడం స్పష్టంగా కనిపిస్తోంది. "రావద్దని ఆమె నీకు చెప్పిందా?" అని అధికారి అడిగితే, ఈయన మనందరికీ ఉన్న అలవాటు ప్రకారం తల ఊపి "యస్ సర్, యస్ సర్" అన్నారు. చేతులకు బేడీలు వేశారు. పువ్వుల కవరు పోలీసు కారు బానెట్ మీద ఉండిపోయింది.

కేసు కొన్ని నెలలకు కొట్టేశారు. అప్పుడు కొడుకు నా దగ్గరకు వచ్చి అడిగాడు: "మా నాన్న ఏ తప్పూ చేయలేదని కేసు కొట్టేశారు కదండీ, అంటే అది తప్పుడు అరెస్టే కదా?" నేను ఆ అబ్బాయికి చెప్పిన సమాధానం మీకూ చెబుతాను. ఆ పెద్దాయనకు జరిగింది అన్యాయం. అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ చట్టం దృష్టిలో అది తప్పుడు అరెస్టు కాదు. ఈ రెండూ వేరు వేరు విషయాలు ఎలా అవుతాయన్నదే ఈ ప్రసంగం మొత్తం.

అక్రమ అరెస్టు దావాలో కోర్టు అడిగే మొదటి ప్రశ్న "అరెస్టయిన మనిషి నిర్దోషా?" అన్నది కాదు. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. కోర్టు అడిగేది, అరెస్టు చేసిన ఆ క్షణానికి ఆ అధికారికి తెలిసిన సంగతులేమిటి, వాటిని బట్టి నేరం జరిగి ఉండవచ్చని ఒక సగటు అధికారి సహేతుకంగా నమ్మగలడా అన్నది. దీన్నే ప్రాబబుల్ కాజ్ అంటారు. 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరిన నాలుగో సవరణలోనే ఆ మాట ఉంది. అసలు సవరణలో అది వారంటు జారీ చేయడానికి పెట్టిన షరతు. వారంటు లేకుండా చేసే అరెస్టుకు కూడా అదే కొలత అని కోర్టులు స్థిరపరిచాయి. ప్రాబబుల్ కాజ్ ఉంటే అక్రమ అరెస్టు దావా అక్కడితో ఆగిపోతుంది. నిర్దోషి అని తర్వాత తేలినా ఆగిపోతుంది.

ఈ కొలత ఎంత ఎత్తు? నిందితుణ్ణి శిక్షించడానికి సందేహానికి తావులేని రుజువు కావాలి. సివిల్ దావా గెలవడానికి ఇటువైపు తక్కెడ కొంచెమైనా మొగ్గాలి. ప్రాబబుల్ కాజ్‌కు అంత మొగ్గు కూడా అక్కర్లేదు. దూరంగా గడ్డివాము మీద తెల్లగా ఏదో లేస్తోంది. అది పొగా, మంచా? దగ్గరకు వెళ్లి చూస్తే మంచే కావచ్చు. కానీ దూరం నుంచి చూసినవాడు నిప్పంటుకుందని పరుగెత్తితే వాణ్ణి తప్పు పట్టలేం. చట్టం అధికారికి ఇచ్చే వెసులుబాటు అదే. ఈ కొలత గణిత సూత్రం కాదని, మొత్తం పరిస్థితిని చూసి ఇంగితజ్ఞానంతో తేల్చుకోవలసిన సంభావ్యత అని 1983లో ఇల్లినాయ్ వర్సెస్ గేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు ఒక కేసు కొంచెం వివరంగా చెబుతాను. అక్రమ ప్రవేశం మీద అరెస్టు, ఆ తర్వాత అక్రమ అరెస్టు దావా, ఈ రెండూ కలిసిన కేసుల్లో ఇంతకంటే ముఖ్యమైనది నాకు తెలిసినంతలో లేదు. డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా (అంటే వాషింగ్టన్ నగరం) వర్సెస్ వెస్బీ.

2008 మార్చి 16, రాత్రి ఒంటిగంట వేళ. వాషింగ్టన్ నగరంలో ఈశాన్య భాగాన ఒక ఇల్లు. కొన్ని నెలలుగా అందులో ఎవరూ కాపురం ఉండటం లేదని చుట్టుపక్కల వాళ్లకు తెలుసు. ఆ రాత్రి లోపల గోలగా ఉందని ఫిర్యాదు వస్తే పోలీసులు వెళ్లారు. లోపల కరెంటు ఉంది, నీళ్లు వస్తున్నాయి, కానీ సామాను దాదాపు లేదు. కొన్ని కుర్చీలు, మేడ మీద గదిలో ఒక వట్టి పరుపు, వెలుగుతున్న కొవ్వొత్తులు. నేల ఎంత మురికిగా ఉందంటే, ప్రశ్నలు వేయడానికి కూర్చోమంటే ఒకరు అక్కడ కూర్చోనన్నారు. గంజాయి వాసన, మద్యం సీసాలు, డబ్బు తీసుకుని నాట్యం చేస్తున్న స్త్రీలు. యూనిఫారం చూడగానే కొందరు పక్క గదుల్లోకి పరుగెత్తారు. ఒకరు అల్మారాలో దాక్కున్నారు, మరొకరు బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

మొత్తం 21 మంది. ఇక్కడ ఎందుకున్నారని పోలీసులు అడిగారు. కొందరు పుట్టినరోజు పార్టీ అన్నారు. కొందరు పెళ్లికొడుకు కోసం పార్టీ అన్నారు, కానీ ఆ పెళ్లికొడుకు ఎవరో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒక స్త్రీ పిలిస్తే వచ్చామని చెప్పి ఆమె మారుపేరు మాత్రం చెప్పారు. ఆమె అక్కడ లేదు. ఫోను చేస్తే మొదట ఈ ఇల్లు నేను అద్దెకు తీసుకుంటున్నానని చెప్పింది, గట్టిగా అడిగితే వాడుకోవడానికి అనుమతి లేదని ఒప్పుకుంది. ఇంటి యజమానికి ఫోను చేశారు. అద్దె గురించి మాటలు నడిచాయి గానీ ఒప్పందం కుదరలేదు, అక్కడ ఉండమని నేనెవరికీ చెప్పలేదు అన్నాడు. 21 మందినీ అక్రమ ప్రవేశం కింద అరెస్టు చేశారు. స్టేషన్‌లో ఆ ఆరోపణను శాంతిభంగంగా మార్చారు. చివరికి అన్ని ఆరోపణలూ వదిలేశారు.

వారిలో 16 మంది దావా వేశారు. వారి వాదన ఏమిటి? ఇంటి యజమాని అనుమతి లేదన్న సంగతి మాకెలా తెలుస్తుంది? ఎవరో పిలిచారు, వచ్చాం. పిలిచిన మనిషికి హక్కు లేకపోతే అది మా తప్పా? మీరే ఆలోచించండి, ఎవరింట్లోనో ఫంక్షనుకు మిమ్మల్ని పిలిస్తే, వాళ్ల అద్దె కాగితం చూపించమని అడిగి లోపలికి వెళ్తారా? వాషింగ్టన్ చట్టం ప్రకారం ఆ ప్రవేశం యజమాని ఇష్టానికి విరుద్ధమని ఆ మనిషికి తెలిసి ఉండాలి, లేదా తెలిసి ఉండవలసిన పరిస్థితి ఉండాలి. కింది కోర్టు వీరి వాదన ఒప్పుకుంది. జ్యూరీ 6,80,000 డాలర్ల పరిహారం ఇచ్చింది. లాయరు ఫీజులు కలిపితే అది పది లక్షల డాలర్లకు దగ్గరపడింది. అప్పీలు కోర్టు కూడా, ఒక న్యాయమూర్తి విభేదించినా, వీరి వైపే నిలిచింది.

2018 జనవరి 22న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. పార్టీ జరిగిన రాత్రి నుంచి చూస్తే దాదాపు పదేళ్లు. జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన తీర్పులో రెండు మాటలు మనకు ముఖ్యం. ఒకటి, ఒక్కొక్క సంగతినీ విడదీసి, ఇది నిర్దోషంగానూ ఉండవచ్చు, అది కూడా నిర్దోషంగా ఉండవచ్చు అంటూ పక్కన పెట్టేయకూడదు, అన్నిటినీ కలిపి చూడాలి. ఖాళీ ఇల్లు, దాక్కున్న మనుషులు, పొంతన లేని సమాధానాలు, అబద్ధమాడిన ఆతిథేయురాలు, అన్నీ కలిపి చూడాలి. రెండోది, అనుమానితుడు చెప్పిన నిర్దోషమైన వివరణ తప్పని తేల్చుకున్న తర్వాతే అరెస్టు చేయాలన్న నియమం లేదు. మళ్లీ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు అందరూ ఇక్కడే పొరబడతారు. మీరు చెప్పేది నిజమే అయి ఉండవచ్చు. అధికారి దాన్ని విని, నమ్మకుండా, అరెస్టు చేయవచ్చు.

ఆ తీర్పుతో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఫలితం వరకు ఏకీభవించారు. కానీ జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ విడిగా రాస్తూ, కోర్టు వెళ్తున్న దారి వ్యక్తి స్వేచ్ఛ కంటే పోలీసు వైపు ఎక్కువగా మొగ్గుతోందేమోనన్న ఆందోళన చెప్పారు. అధికారి మనసులో అసలు ఉద్దేశం ఏమిటో చూడకుండా, బయటి సంగతులు సరిపోతే చాలన్న సూత్రాన్ని మళ్లీ పరిశీలించవలసిన సమయం రావచ్చని ఆమె అభిప్రాయం. ఇరవై ఏళ్లకు పైగా ఈ కోర్టుల్లో నిలబడిన మనిషిగా ఆమె ఆందోళన నాదీ. చిన్న తగాదాల్లో అరెస్టు అన్నది చివరి మెట్టు కావాలి, మొదటి మెట్టు కాకూడదు. కానీ చట్టం ఇలా ఉండాలి అన్నది ఒకటి, ఇప్పుడు ఇలా ఉంది అన్నది మరొకటి. మీ ఇంట్లో పెద్దవాళ్లను కాపాడుకోవడానికి రెండోది తెలియాలి.

ఇక టెక్సస్ సంగతికి వద్దాం. మనం పుట్టి పెరిగిన చోట అక్రమ ప్రవేశం నేరం కావాలంటే ఉద్దేశం ఉండాలి. పాత భారత శిక్షాస్మృతి 441వ సెక్షన్‌లోనూ, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్‌లోనూ అదే ఉంది. నేరం చేయాలనో, ఆ స్థలంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశంతో ప్రవేశిస్తేనే నేరం. అందుకే మా ఊళ్లో గట్టు తగాదాలు ఎన్ని వచ్చినా, ఒకరి పొలం గట్టు మీదుగా ఇంకొకరు నడిచి వెళ్లడం మాత్రం తగాదా కాదు. నీళ్లకు గండి కొడితే తగాదా, హద్దు రాయి జరిపితే తగాదా. నడిస్తే కాదు.

టెక్సస్ శిక్షాస్మృతి 30.05లో అలాంటి ఉద్దేశం అక్కర్లేదు. యజమాని సమ్మతి లేకుండా ప్రవేశించడం లేదా అక్కడే ఉండిపోవడం, రాకూడదన్న నోటీసు ముందే ఉండటం లేదా వెళ్లిపొమ్మన్న తర్వాత కూడా కదలకపోవడం, ఇంతే. సాధారణంగా ఇది క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో ఒక తరగతి, 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. మరి నోటీసు అంటే ఏమిటి? కాగితమే కానక్కర్లేదు. నోటిమాట చాలు. కంచె చాలు. బోర్డు చాలు. మనుషులు తినే పంట సాగులో ఉండి కంటికి కనిపిస్తుంటే అది కూడా నోటీసే. ఇక చెట్ల మీద, స్తంభాల మీద ఊదా రంగు గీతలు మీరు చూసే ఉంటారు. ఊరి బయట చెరువుల వైపు ఫొటోలు దిగడానికి వెళ్లే పిల్లలు దీన్ని జాగ్రత్తగా వినాలి. నిలువు గీత, కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు, దాని కింది కొన నేల నుంచి 3 అడుగులకు 5 అడుగులకు మధ్య. అది ఎవరో సరదాగా పూసిన రంగు కాదు. "లోపలికి రావద్దు" అన్న బోర్డుతో చట్టం దృష్టిలో సమానం. ఆ గీత దాటి పది అడుగులు లోపలికి వెళ్లి నిలబడిన మనిషిని అధికారి చూస్తే, గీత సంగతి నాకు తెలియదన్న మాటతో ప్రాబబుల్ కాజ్ పోదు.

మందార చెట్టు పెద్దాయన విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నోటిమాటతో నోటీసు ఇచ్చినట్టు వీడియో ఉంది, విన్నట్టు తల ఊపడం ఉంది, తర్వాత మళ్లీ వచ్చినట్టు వీడియో ఉంది, అధికారి ముందు "యస్ సర్" ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదన్న ఒక్క సంగతి ఆ అధికారికి తెలియదు. ఆయనే చెప్పలేదు, ఎలా చెబుతారు? కొడుకు ఆఫీసులో ఉన్నాడు. విచారణలో ఆయనను నిర్దోషిగా నిలబెట్టగల సంగతి అదే. కానీ అధికారికి తెలియని సంగతిని అక్రమ అరెస్టు దావాలో అతని మీదికి తోయలేం.

విద్యార్థులూ, ఇప్పుడు మీ సంగతి. అపార్టుమెంటు లీజులో ముగ్గురి పేర్లుంటాయి, ఉండేది ఐదుగురు. ఇది మీ అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నాలుగో అబ్బాయి హాల్లో పరుపు వేసుకుని ఎనిమిది నెలలుగా ఉంటున్నాడు, ప్రతి నెలా తన వాటా జెల్ (ఫోనులో డబ్బు పంపే సదుపాయం) ద్వారా పంపుతున్నాడు. వంట దగ్గరో, కరెంటు బిల్లు దగ్గరో మాటామాటా పెరిగింది. లీజులో పేరున్న అబ్బాయి పోలీసులకు ఫోను చేసి "ఇతను ఇక్కడ ఉండేవాడు కాదు, వెళ్లమంటే వెళ్లడం లేదు" అన్నాడు. అధికారి వచ్చాడు. లీజు చూశాడు. నాలుగో అబ్బాయి పేరు లేదు. ఈ అబ్బాయి కోపంతో ఊగిపోతూ, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో, స్నేహితుడు చేసిన ద్రోహం గురించి చెబుతున్నాడు గానీ, జేబులో ఉన్న ఫోను తీయడం లేదు.

ఆ ఫోనులో ఏముంది? ఎనిమిది నెలల చెల్లింపులు, పక్కన "రెంట్" అని రాసినవి. ఆ చిరునామాతో వచ్చిన బ్యాంకు ఉత్తరం. డ్రైవింగ్ లైసెన్సు మీద అదే చిరునామా. ఇవి ఆ అధికారి కళ్ల ముందు పెడితే, పరిస్థితి మారుతుంది. ఇది ఉండే హక్కు గురించిన తగాదా, కోర్టులో తేలవలసిన సివిల్ వ్యవహారం అని చాలామంది అధికారులు అక్కడే చెప్పి వెళ్లిపోతారు. వాటిని చూసి కూడా అరెస్టు చేస్తే, రేపు దావాలో మనం "ఆ క్షణానికి ఆయనకు ఇవన్నీ తెలుసు" అని చెప్పగలం. చూపించకపోతే? అవే కాగితాలు ఆరు నెలల తర్వాత నా టేబులు మీద ఎంత పెద్ద కట్టగా పెట్టినా, దావాకు దాదాపు పనికిరావు.

మరి ఏ దావాలు నిలుస్తాయి? నిలిచేవి ఉన్నాయి. కళ్ల ముందున్న నిర్దోషపు ఆధారాన్ని చూడకుండా తల తిప్పుకున్న అధికారికి చట్టం రక్షణ ఇవ్వదు. 1999లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ముందుకు వచ్చిన కేసు ఒకటి ఉంది. ఒక దుకాణం నడిపే స్త్రీకీ, ఒక మనిషికీ గొడవ జరిగింది. అధికారి ఆమెతో మాట్లాడింది దాదాపు 20 సెకన్లు. చూసిన సాక్షి చెబుతున్నది పట్టించుకోకుండా ఆమెను అరెస్టు చేశాడు. తేలికగా తెలుసుకోగలిగిన సంగతిని తెలుసుకోకుండా, విన్నదాన్ని పక్కకు నెట్టి చేసిన అరెస్టు అది అని కోర్టు ఆ అధికారికి రక్షణ నిరాకరించింది. అలాగే నోటీసే లేని చోట, అంటే బోర్డు లేదు, కంచె లేదు, ఎవరూ వెళ్లమనలేదు, లేదా వెళ్లమనగానే మనిషి కదిలాడు, అయినా అరెస్టు చేశారు, అలాంటి చోట దావాకు బలం ఉంటుంది. వారంటు కోసం ఇచ్చిన అఫిడవిట్‌లో అధికారి తెలిసి తెలిసి అబద్ధం రాసినా అంతే.

నిలవడం కష్టమైన దానికి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది దాన్ని టీవీలో చూశారు. 2018 ఏప్రిల్ 12, ఫిలడెల్ఫియాలో ఒక స్టార్‌బక్స్. ఇద్దరు నల్లజాతి యువకులు వ్యాపార విషయం మాట్లాడటానికి స్నేహితుడి కోసం ఎదురుచూస్తున్నారు. ఇంకా ఏమీ కొనలేదు. మేనేజరు పోలీసులను పిలిచింది, వెళ్లమంటే వాళ్లు వెళ్లలేదు, బేడీలు వేసి తీసుకెళ్లారు. ప్రాసిక్యూటరు కేసు పెట్టలేదు. ప్రపంచమంతా తప్పు పట్టింది, కంపెనీ క్షమాపణ చెప్పి మే 29న అమెరికాలో 8,000కు పైగా దుకాణాలను మధ్యాహ్నం మూసి ఉద్యోగులకు శిక్షణ ఇచ్చింది. నగరం ఆ ఇద్దరికీ చెరొక డాలరు ఇచ్చి, యువ వ్యాపారుల కోసం 2,00,000 డాలర్ల నిధి పెట్టడానికి ఒప్పుకుంది. వారు చేసిన ఆ ఎంపిక గొప్పది. కానీ న్యాయవాదిగా నేను మరో సంగతి కూడా చూస్తాను. దుకాణం వారు వెళ్లమన్నారు, పోలీసులు కూడా వెళ్లమన్నారు, వారు వెళ్లలేదు. అంతటి అన్యాయంలో కూడా పోలీసుల మీద అక్రమ అరెస్టు దావా కోర్టులో గెలుస్తుందని ధైర్యంగా చెప్పగలిగేవాణ్ణి కాదు. వెళ్లమనడం వెనక వివక్ష ఉంటే దాని మీద వేరే చట్టాలు, వేరే దావాలు ఉన్నాయి. ఈ దావా కాదు.

దావా వేసే దారి గురించి త్వరగా చెబుతాను. అధికారి మీద వేసేది ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 1983 కింద. అంతర్యుద్ధం తర్వాత, దక్షిణాదిలో నల్లవారి మీద క్లూ క్లక్స్ క్లాన్ సాగించిన హింసను ఆపడానికి 1871లో చేసిన చట్టం అది. దానికి అడ్డుపడే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ, అంటే అధికారికి ఇలాంటి దావాల నుంచి దొరికే రక్షణ, అన్న సిద్ధాంతం ఎక్కడ మొదలైందో తెలుసా? అక్రమ అరెస్టు కేసులోనే. 1961లో మిసిసిపీలోని జాక్సన్ బస్ స్టేషన్‌లో తెల్లవారికి మాత్రమే అన్న గదిలోకి 15 మంది క్రైస్తవ మతాచార్యులు, నల్లవారూ తెల్లవారూ కలిసి వెళ్లి అరెస్టయ్యారు. 1967లో ఆ కేసులోనే, సద్భావంతో, ప్రాబబుల్ కాజ్ ఉందని నమ్మి అరెస్టు చేసిన అధికారికి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విత్తనం పెరిగి ఈ రోజు ఎంత పెద్ద చెట్టయిందంటే, ప్రాబబుల్ కాజ్ లేదని తేలినా సరే, ఉందని ఒక అధికారి పొరబడటం సహేతుకమే అయితే అతను బయటపడతాడు. వెస్బీ కేసులో కోర్టు ఈ మాట కూడా చెప్పింది.

నగరం మీద వేయాలంటే ఆ అరెస్టు నగర విధానం వల్లనో, స్థిరపడిన ఆచారం వల్లనో జరిగిందని చూపాలి. ఒక ఉద్యోగి తప్పు చేశాడంటే చాలదు. అరెస్టుకు చెప్పిన నేరం నిలవకపోయినా, అదే సంగతులతో మరో నేరానికి ప్రాబబుల్ కాజ్ ఉంటే అరెస్టు నిలుస్తుందని 2004లోనే తేల్చారు. పువ్వులు కోయడం దొంగతనం కిందికి కూడా వస్తుంది కదా, అదీ సంగతి. నేరం చిన్నదైనా సరే. మన టెక్సస్‌లోనే, లాగో విస్టాలో, పిల్లలకు సీటు బెల్టు పెట్టలేదని ఒక తల్లిని బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 50 డాలర్ల జరిమానా మాత్రమే. 2001లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ అరెస్టు రాజ్యాంగబద్ధమేనంది. ఇండియాలో 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణం రాయాలంటుంది. అలాంటి రక్షణ ఇక్కడా ఉంటుందని అనుకోకండి.

గడువు సంగతి మాత్రం తప్పక రాసుకోండి. టెక్సస్‌లో ఈ దావాకు రెండేళ్లు. ఎప్పటి నుంచి రెండేళ్లు? కేసు కొట్టేసిన రోజు నుంచి కాదు. మనిషిని మేజిస్ట్రేటు ముందు పెట్టి, న్యాయ ప్రక్రియ కింద నిర్బంధం మొదలైన రోజు నుంచి, అంటే చాలావరకు అరెస్టయిన ఒకటి రెండు రోజుల్లోనే. 2007లో వాలెస్ వర్సెస్ కేటో తీర్పు అదే చెప్పింది. ముందు క్రిమినల్ కేసు పోనీ, తర్వాత చూద్దాం అని ఆగినవారు నా దగ్గరకు వచ్చేసరికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. బాడీ కెమెరా వీడియో కావాలని మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఆ పది నిమిషాల్లో అధికారికి ఏం తెలుసో అంత కచ్చితంగా చూపే సాక్షి మరొకటి లేదు.

ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి: అర్థం కానప్పుడు తల ఊపవద్దు. "నో ఇంగ్లిష్, తెలుగు" అన్న రెండు మాటలు చాలు. ఒక కార్డు మీద మీ ఫోను నంబరు, తెలుగు దుబాసీ కావాలన్న మాట ఇంగ్లీషులో రాసి వాళ్ల జేబులో పెట్టండి. ఆ కార్డు అధికారి చేతికి అందిందంటే, మీ పెద్దవాళ్లకు భాష రాదన్న సంగతి ఆ అధికారికి తెలిసినట్టే. ఎవరైనా వెళ్లమంటే హక్కు మీదే అయినా ఆ పూటకు కదిలి వెళ్లండి, హక్కు సంగతి కాగితాలతో తర్వాత తేల్చుకోవచ్చు. కాగితం చూపండి, పేరు చెప్పండి, అబద్ధం మాత్రం ఒక్కటి కూడా వద్దు. మిగతా ప్రశ్నలకు లాయరు వచ్చాక చెబుతానంటే తప్పు లేదు.

ఆ పెద్దాయన సంగతి పూర్తి చేస్తాను. దావా వేయవద్దని నేనే చెప్పాను, వాళ్లు ఒప్పుకున్నారు. కేసు కొట్టేసిన రికార్డును చెరిపించుకునే అవకాశం టెక్సస్ చట్టంలో ఉంది, చెరిపించాం కూడా. కానీ దానికి ముందు కోర్టు గుమాస్తా దగ్గర నుంచి కేసు కొట్టేసినట్టు ధ్రువీకరించిన నకళ్లు మూడు తీయించాను. చెరిపించిన తర్వాత ఆ నకలు దొరకదు, వీసా ఫారం మాత్రం అడుగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది గానీ, శిక్ష పడిందా అని మాత్రమే అడగదు. గ్రీన్ కార్డు ఫారమూ, పౌరసత్వ ఫారమూ అంతే. 2025 వసంతంలో, కొట్టేసిన చిన్న చిన్న కేసుల రికార్డులు చూసి కూడా ఎంతోమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల గురించి అమెరికా ప్రభుత్వం ఉంచే రికార్డులు) రద్దు చేసినప్పుడు, అలాంటి నకలు చేతిలో లేక మన పిల్లలు ఎంత తిరిగారో నేను చూశాను. ఆయన వీసా మళ్లీ తీసుకోవలసి వచ్చినప్పుడు హైదరాబాద్ కాన్సులేట్‌లో "అవును, అరెస్టయ్యాను" అని నిజం చెప్పి, ఆ నకలు కిటికీలోంచి అందించారు. అధికారి చదివి, ఏం కోశారని అడిగితే, పక్కనున్న దుబాసీ "మందారాలు" అన్న మాటకు ఇంగ్లీషు వెతుక్కుంటుంటే, ఆయనే ఫోనులో పువ్వు ఫొటో తీసి చూపించారట. వీసా ఇచ్చారు. మిగిలిన రెండు నకళ్లూ ఇప్పటికీ ఆయన పాస్‌పోర్టు కవర్లోనే ఉన్నాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.